జపాన్ చరిత్ర చదవడానికి ముందు ఎనిమిదేళ్లు చాలు

జపాన్ చరిత్ర మీద ఆసక్తి కలగగానే చాలామంది ఆది నుంచి నేటి దాకా అంతా ఉన్న ఐదారు వందల పేజీల పుస్తకం ఒకటి కొంటారు. చరిత్రకు ముందటి జోమోన్ మట్టికుండలతో మొదలుపెట్టి మూడో అధ్యాయానికి వచ్చేసరికి ఫుజివారా ఇంటిపేరుతోనే ఇరవై మంది తగులుతారు. ఎవరు ఎవరికి మామో, ఎవరు ఎవరికి మనవడో తెలియదు. పుస్తకం అటకెక్కుతుంది. అలాంటి పుస్తకం అప్పటికే కొంత తెలిసినవాళ్లు తమకు తెలిసినదాన్ని వరుసలో పెట్టుకోవడానికి పనికొస్తుంది. కొత్తవాళ్లు దాన్ని రెండో ఏడాదికి దాచుకోవడం మంచిది.

ముందుగా ఒక చిన్న కాలాన్ని, ఒక్క ఊరిని పట్టుకోండి. మా సలహా 1177 నుంచి 1185 వరకు, క్యోటో నగరం. ఈ ఎనిమిదేళ్లలో రాజధాని కాలిపోయింది, సుడిగాలి లేచింది, రాజధానిని వేరే చోటికి మార్చి ఆర్నెల్లకే వెనక్కి తెచ్చారు. కరువు వచ్చింది, తైరా, మినామొతో వంశాల మధ్య అంతర్యుద్ధం జరిగింది, చివర్లో భూకంపం. ఇదంతా కళ్లారా చూసిన మనిషి రాసిన చిన్న పుస్తకం ఉంది. అదే కాలం మీద గాయకులు పాడిన పెద్ద వీరగాథ ఉంది. ఆస్థాన ప్రముఖుల దినచర్యలూ గెలిచినవాళ్ల అధికారిక చరిత్రా ఉన్నాయి. ఒకే సంఘటనను మూడు నాలుగు గొంతుల్లో విని పోల్చి చూడగల అవకాశం కొత్త పాఠకుడికి ఇంత సులువుగా మరో చోట దొరకదు. పైగా తర్వాతి ఏడెనిమిది వందల ఏళ్ల నో, కబుకీ నాటకాలు, తెరల మీది బొమ్మలు, హైకూ కవి బషో యాత్రాకథనం, అన్నీ మళ్లీ మళ్లీ ఈ ఎనిమిదేళ్ల దగ్గరికే వస్తాయి.

మొదటి పుస్తకం: హోజోకి

కామొ నొ చోమేయ్ 1212లో రాసిన 'హోజోకి' ఇంగ్లీషు అనువాదంలో ఇరవై పేజీలకు అటూ ఇటూ ఉంటుంది. మెరెడిత్ మెకినీ అనువాదం 2013లో వచ్చింది. అందులో కెన్కో అనే భిక్షువు వ్యాసాలు కూడా కలిసి ఉన్నాయి కాబట్టి తర్వాత చదువుకోవడానికీ అదే పుస్తకం పనికొస్తుంది. హక్కుల గడువు తీరిన పాత అనువాదాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. నవలాకారుడు నత్సుమె సోసెకి విద్యార్థిగా ఉన్నప్పుడు 1891లో దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు.

దీన్ని మూడుసార్లు చదవాలి. మొదటిసారి ఎక్కడా ఆగకుండా, నోట్సు జోలికి పోకుండా, ఒక్క కూర్చోవడంలో చదివేయండి. రెండోసారి పెన్సిలుతో. చోమేయ్ చెప్పిన ప్రతి విపత్తు పక్కన సంవత్సరం, నెల, వీధి పేరు రాసుకోండి. మూడోసారి పటం ముందు పెట్టుకుని చదవండి.

పటం మీరే గీసుకోండి, అచ్చువేసినదాని కంటే అదే బాగా గుర్తుంటుంది. ఒక ఏ4 కాగితం నిలువుగా తీసుకోండి. హేయాన్-క్యో (క్యోటోకి అప్పటి పేరు) నగరం తూర్పు పడమరలుగా సుమారు నాలుగున్నర కిలోమీటర్లు, ఉత్తర దక్షిణాలుగా సుమారు ఐదుంపావు కిలోమీటర్లు. పైన ఉత్తరాన మధ్యలో రాజప్రాసాదాల ఆవరణ. దాని దక్షిణ ద్వారం సుజాకు. అక్కడి నుంచి కిందికి నిలువుగా సుజాకు రాజమార్గం. అడ్డంగా ఉత్తరం నుంచి దక్షిణానికి ఒకటి నుంచి తొమ్మిది దాకా సంఖ్యలతో పెద్ద వీధులు: ఇచిజో, నిజో, సంజో, ఇలా కుజో వరకు. రాజు దక్షిణముఖంగా కూర్చుంటాడు కాబట్టి ఆయన ఎడమచేతి వైపున్న తూర్పు సగానికి 'ఎడమ రాజధాని' అని పేరు. పటం మీద అది మీ కుడివైపు ఉంటుంది. ఈ ఒక్క ముక్క తెలియక ఎడమ, కుడి తారుమారు చేసుకునేవాళ్లు ఎక్కువ.

ఇప్పుడు 1177 నాటి అగ్నిప్రమాదం దగ్గరికి రండి. ఆగ్నేయంలో హిగుచి, తొమినొకోజి వీధుల కూడలి దగ్గర, నర్తకులు దిగిన తాత్కాలిక విడిదిలో మంట పుట్టిందని చోమేయ్ చెబుతాడు. గాలికి అది వాయవ్యం వైపు, విసనకర్ర విప్పినట్టు వెడల్పవుతూ పోయింది. మీ పటం మీద ఆ కూడలి దగ్గర చుక్క పెట్టి, రాజప్రాసాదం వైపు రెండు గీతలు విడదీసి గీయండి. సుజాకు ద్వారం, పట్టాభిషేకాలు జరిగే దైగొకుదెన్ మంటపం, రాజ విద్యాలయం ఎందుకు పోయాయో అప్పుడు మాటల్లో చెప్పనక్కర్లేదు. ఆ మంటపాన్ని మళ్లీ కట్టలేదు. రాజ్యం చేతిలో అంత శక్తి మిగల్లేదన్న సంగతి ఇక్కడే మొదటిసారి తెలుస్తుంది.

తర్వాత 1181–82 కరువు. నిన్నజి ఆలయానికి చెందిన ర్యూగ్యో అనే భిక్షువు వీధుల్లో పడి ఉన్న ప్రతి శవం నుదుటి మీద 'అ' అనే అక్షరం రాస్తూ తిరిగాడు. అది మన 'అ'నే. బౌద్ధ మంత్రాల కోసం భారతదేశం నుంచి చైనా మీదుగా వెళ్లిన సిద్ధం లిపిలోని సంస్కృతాక్షరం. షింగోన్ అనే బౌద్ధ సంప్రదాయంలో అది అన్నిటికీ మూలమైన అక్షరం, చనిపోయినవాళ్లకు ముక్తి మార్గం చూపడానికి రాసేది. రెండు నెలల్లో, ఎడమ రాజధానిలో మాత్రమే, ఆయన అలా రాసిన నుదుళ్లు 42,300 పైచిలుకు అని చోమేయ్ లెక్క చెబుతాడు. మీ పటంలో ఆ సగాన్ని పెన్సిలుతో నింపండి. ఊరి రెండో సగం, శివార్లు, ఇతర రాష్ట్రాలు ఆ లెక్కలో లేవు.

పుస్తకం రెండో సగంలో చోమేయ్ గుడిసె వస్తుంది. కొలతలు అనువాదాల్లో 'పది అడుగుల చదరం' అని ఉంటాయి. అసలు కొలత ఒక జో, అంటే పది షాకు. ఒక షాకు సుమారు 30.3 సెంటీమీటర్లు. కాబట్టి గుడిసె సుమారు మూడు మీటర్ల చదరం, ఎత్తు ఏడు షాకుల లోపే, అంటే రెండు మీటర్ల చుట్టుపక్కల. ఇంట్లో నేల మీద సుద్దముక్కతో మూడు మీటర్ల చదరం గీసి, అందులో ఆయన చెప్పినవన్నీ సర్దండి: అమిదా బుద్ధుడి చిత్రం, సద్ధర్మపుండరీక సూత్రం, కవితలూ భక్తిగ్రంథాల ఎత్తిరాతలూ ఉన్న తోలు పెట్టెలు, ఒక కోతో, ఒక బీవా (రెండూ తీగ వాద్యాలు), ఎండు ఫెర్న్ ఆకుల పరుపు. గోడలు కొక్కాలతో బిగించినవి, నచ్చకపోతే విప్పి రెండు బళ్ల మీద వేసుకుని పోవచ్చు. విపత్తుల గురించి చదివాక ఈ రెండు బళ్ల మాట ఎంత బరువైనదో తెలుస్తుంది. క్యోటోకి వెళ్లేవాళ్లు షిమొగామొ ఆలయం దగ్గర ఈ గుడిసె నమూనా చూడవచ్చు. చోమేయ్ ఆ ఆలయ పూజారి కొడుకు, ఆ పదవి తనకు దక్కలేదు.

తేదీలు, వయసులు, పేర్లు: ముందే సరిచేసుకోవాల్సినవి

రెండో పుస్తకానికి వెళ్లేముందు ఒక సాయంత్రం వీటికి ఇవ్వండి. చదువు మధ్యలో ఆగిపోవడానికి కథ కష్టంగా ఉండటం కంటే ఇవి తెలియకపోవడమే పెద్ద కారణం.

సంవత్సరాలకు శక నామాలు ఉంటాయి. వాటిని మార్చే సూత్రం సులువు: శకం మొదలైన సంవత్సరానికి శక సంవత్సరం కలిపి ఒకటి తీసేయాలి. గెన్రొకు 1688లో మొదలైంది, కాబట్టి గెన్రొకు 15 అంటే 1702. అయితే 1873 జనవరి 1 వరకు జపాన్‌ది మన పంచాంగంలాగే చాంద్రమాన నెలలున్న కేలండరు. కొన్నేళ్లకొకసారి అధిక మాసం కూడా వచ్చేది. 'మూడో నెల' అంటే మార్చి కాదు, సాధారణంగా ఏప్రిల్ లేదా మే మొదట్లో పడుతుంది. ఏడాది చివరి నెల చాలాసార్లు తర్వాతి జనవరిలోకి వెళ్తుంది. చనిపోయిన ప్రభువు పగ తీర్చడానికి అకో సంస్థానపు నలభై ఏడుగురు సమురాయ్‌లు చేసిన దాడి గెన్రొకు 15, పన్నెండో నెల 14న జరిగింది. మన లెక్కలో అది 1703 జనవరి 30. అందుకే ఒక పుస్తకంలో 1702 అనీ మరోదానిలో 1703 అనీ కనిపిస్తుంది, రెండూ తప్పు కాదు.

ఈ శక నామాల్లో రాజకీయం కూడా ఉంది. 1181లో ఆస్థానం శకం పేరు 'యోవా' అని మార్చింది. తైరా వంశం నిలబెట్టిన బాల చక్రవర్తిని ఒప్పుకోని మినామొతో యొరితొమొ మాత్రం తూర్పున కూర్చుని 1183 దాకా పాత 'జిషో' పేరే వాడాడు. తర్వాత రాజధాని వదిలి పారిపోయిన తైరాలు కొత్త పేరు ఒప్పుకోకుండా చివరిదాకా 'జుయె' పేరు పట్టుకున్నారు. ఒక పత్రం మీద ఏ శకం ఉందో చూస్తే అది రాసినవాడు ఎవరి పక్షమో తెలిసిపోతుంది.

వయసులు పుట్టినప్పుడే ఒకటి, ప్రతి కొత్త సంవత్సరానికీ ఇంకొకటి. చక్రవర్తి అంతొకు 1185 ఏప్రిల్ 25న దన్-నొ-ఉరా సముద్ర యుద్ధంలో మునిగిపోయినప్పుడు ఎనిమిదేళ్లవాడని వీరగాథ అంటుంది. 1178 డిసెంబరులో పుట్టిన ఆ పిల్లవాడికి మన లెక్కలో ఆరేళ్లు. పాత పుస్తకంలో ఏ వయసు కనిపించినా ఒకటో రెండో తగ్గించి చూసుకోండి.

పేర్లలో ఇంటిపేరు ముందు. కానీ బషో, సోసెకి లాంటి రచయితలను కలం పేరుతోనే పిలుస్తారు. ఇక వీరుల సంగతికొస్తే, ఒకే మనిషికి నాలుగైదు పేర్లు. యొరితొమొ తమ్ముడు యొషిత్సునెను చిన్నప్పుడు ఉషివాకా అంటారు, తర్వాత కురో, ఉద్యోగం పేరుతో హోగన్. తైరా వంశ పెద్ద కియొమొరి సన్యాసం పుచ్చుకున్నాక 'సన్యాసి మంత్రి' అయిపోతాడు. 'గొ' అని ముందుంటే అదే పేరుగల రెండో చక్రవర్తి అని గుర్తు: షిరాకావా వేరు, గొ-షిరాకావా వేరు. తైరా వంశాన్నే హేకె అనీ మినామొతో వంశాన్నే గెంజి అనీ అంటారు. అయినా 'గెంజి మొనొగతారి' అనే పదకొండో శతాబ్దపు గ్రంథానికీ ఈ యుద్ధానికీ సంబంధం లేదు.

పేర్లను నోటుబుక్కులో తెలుగు లిపిలో రాసుకోండి. జపనీస్‌లో హ్రస్వ దీర్ఘాల తేడా గట్టిది. ఒనొ ఒక ఇంటిపేరు, ఓనొ ఇంకొకటి. చవక ఇంగ్లీషు ప్రచురణల్లో అక్షరం మీద అడ్డగీత ఎగిరిపోయి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మన లిపిలో ఒ, ఓ విడిగా ఉన్నాయి కాబట్టి ఆ గందరగోళం రాదు. మనిషికో పేజీ చొప్పున ఇవ్వండి: పైన అన్ని పేర్లు, కింద పుట్టిన, చనిపోయిన సంవత్సరాలు, తండ్రి, కూతుర్ని ఎవరికిచ్చారు. ఆఖరిది వదిలేయకండి. కియొమొరి బలమంతా కూతుర్ని చక్రవర్తికిచ్చి మనవణ్ణి సింహాసనం ఎక్కించడంలోనే ఉంది.

రెండో పుస్తకం: హేకె మొనొగతారి

ఇది పన్నెండు భాగాలు, చివర ఒక చిన్న అనుబంధ భాగం. బీవా వాయిస్తూ అంధ గాయకులు ఊరూరా పాడిన కథ. కాకుఇచి అనే గాయకుడు 1371లో చెప్పి రాయించిన పాఠాన్నే ఎక్కువ అనువాదాలు అనుసరిస్తాయి. తెలుగు పాఠకుడికి ఇది కొత్త సంగతేమీ కాదు. పల్నాటి యుద్ధం కూడా పన్నెండో శతాబ్దం నాటిదే, అదీ తరతరాలు గాయకుల నోట బతికిన కథే. పల్నాటి వీరగాథను వినే చెవితోనే దీన్ని వినండి: పేర్ల జాబితాలు, కవచాల రంగుల వర్ణనలు, ఒకే రకంగా మొదలయ్యే సవాళ్లు విసుగు పుట్టించడానికి పెట్టినవి కావు, పాటకు ఊపిరి తీసుకునే చోట్లు. పైకి చదివితే వాటి పని తెలుస్తుంది.

పూర్తి అనువాదాల్లో హెలెన్ మెకల్లో చేసినది 1988లోనూ, రాయల్ టైలర్ చేసినది 2012లోనూ వచ్చాయి. టైలర్ పాటకు, మాటకు తేడా కనిపించేలా పంక్తులు విరిచాడు, పైకి చదవడానికి అది మేలు. బర్టన్ వాట్సన్ 2006లో ఎంచిన భాగాలు మాత్రమే అనువదించాడు. సమయం తక్కువ ఉన్నవాళ్లు అది తీసుకోవచ్చు. ఏది కొన్నా వంశవృక్షం, రాజధాని పటం, మనుషుల జాబితా ఉన్నాయో లేదో ముందు చూడండి. అనువాదకుడి పేరే లేని పునర్ముద్రణలు ఆన్‌లైన్‌లో చాలా ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు. వందేళ్ల నాటి అనువాదం జాగ్రత్తలేవీ చెప్పకుండా మీ చేతిలో పడుతుంది. పాత అనువాదకులు చేసిన మార్పులు చిన్నవి కావు: ఆర్థర్ వేలీ 'గెంజి మొనొగతారి' అనువాదంలో 38వ అధ్యాయం పూర్తిగా లేదు, చాంబర్లెన్ 1882 నాటి 'కొజికి' పురాణగాథల అనువాదంలో శృంగార ఘట్టాలు లాటిన్‌లో ఉంటాయి.

మొదటి విడతలో మొత్తం చదవక్కర్లేదు. మొదటి భాగం ఆరంభం, ఆరో భాగంలో కియొమొరి మరణం, తొమ్మిదో భాగంలో కిసో యొషినాకా, అత్సుమొరి మరణాలు, పదకొండో భాగంలో నాసు నొ యోఇచి విసనకర్రను బాణంతో కొట్టడం, బాల చక్రవర్తి మునక, ఆ తర్వాత అనుబంధ భాగం. రోజుకు ఇరవై పేజీల చొప్పున వారం పది రోజుల్లో అవుతుంది. ఆరంభ వాక్యంలో మోగే గంటలు శ్రావస్తిలోని జేతవన విహారానివి. రంగు మారే పూలు బుద్ధుడి నిర్యాణ సమయంలో కుశీనగరంలో ఉన్న సాల వృక్షాలవి. ఏడో భాగంలో చికుబుషిమా ద్వీపంలో తైరా యువకుడు బీవా వాయించి వినిపించే బెంజైతెన్ దేవత మన సరస్వతి. ఇలాంటివి తగిలినప్పుడు సంతోషంగా గుర్తుపెట్టుకోండి, కానీ అక్కడే ఆగిపోవద్దు. ఆ దేవతకు జపాన్‌లో ద్వీపాలతో, సర్పాలతో, సంపదతో ఏర్పడిన బంధం అక్కడిది, దాన్ని అక్కడి ఆధారాలతోనే తెలుసుకోవాలి.

రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టడం

అసలు చదువు ఇక్కడ మొదలవుతుంది. నోటుబుక్కులో ఎదురెదురు పేజీలు తీసుకుని ఎడమవైపు హోజోకి, కుడివైపు హేకె అని రాయండి. అగ్నిప్రమాదం హేకె మొదటి భాగం చివర ఉంది, సుడిగాలి మూడో భాగంలో, రాజధాని మార్పు ఐదో భాగంలో, భూకంపం పన్నెండో భాగంలో. కొన్ని వాక్యాలు దగ్గర దగ్గరగా ఒకేలా కనిపిస్తాయి, ఎందుకంటే వీరగాథ కూర్చినవాళ్లు చోమేయ్ పుస్తకం నుంచి తీసుకున్నారు.

సుడిగాలి తేదీ మాత్రం కలవదు. చోమేయ్ దాన్ని జిషో 4, నాలుగో నెలలో, అంటే 1180లో పెడతాడు. ఆ నాటి ఆస్థాన దినచర్యలు ఆయన మాటనే బలపరుస్తాయి. హేకె దాన్ని ఏడాది ముందుకు, 1179కి జరిపింది. ఎందుకు? ఆ వెంటనే కియొమొరి పెద్దకొడుకు షిగెమొరి చనిపోతాడు. తండ్రి దుడుకుతనానికి పగ్గం వేసే మంచివాడు అతడొక్కడే. సుడిగాలి అతని చావుకు దుశ్శకునం కావాలి కాబట్టి గాలిని ఏడాది జరిపారు. దీన్ని తప్పు అని కొట్టేస్తే మీకు చరిత్ర సగమే దక్కుతుంది. గాలి ఎప్పుడు వీచిందో దినచర్య చెబుతుంది. జనం ఆ గాలికి ఏ అర్థం చెప్పుకున్నారో హేకె చెబుతుంది. నోటుబుక్కులో రెండు ప్రశ్నలకూ వేర్వేరు గడులు పెట్టండి.

ఇంకో ఉదాహరణ మినామొతో పక్షపు యోధుడు కుమగాయ్ నావొజానె. 1184లో ఇచి-నొ-తాని ఒడ్డున ఇతడు ఒక శత్రువీరుణ్ణి పడగొట్టి శిరస్త్రాణం ఎత్తి చూస్తే, తన కొడుకు ఈడు కుర్రవాడు, తైరా వంశపు అత్సుమొరి. వదిలేద్దామంటే వెనక తనవాళ్లే వస్తున్నారు. ఏడుస్తూ తల నరుకుతాడు. నడుముకు చిన్న వేణువు దొరుకుతుంది, తెల్లవారుజామున శత్రు శిబిరం నుంచి వినిపించిన పాట అతనిదేనని అర్థమవుతుంది. ఈ దుఃఖమే కుమగాయ్‌ని సన్యాసం వైపు తిప్పిందని హేకె అంటుంది. యొరితొమొ కామాకురాలో నెలకొల్పిన ప్రభుత్వపు చరిత్ర 'అజుమా కగామి' ఇంకో సంగతి చెబుతుంది. 1192లో తల్లి తరఫు బంధువుతో పొలం సరిహద్దు తగాదా యొరితొమొ ముందుకు వచ్చింది. కుమగాయ్ యుద్ధంలో దిట్ట గానీ మాటకారి కాదు. ఓడిపోతున్నానని తెలిసి కాగితాలు విసిరేసి, అక్కడే జుట్టు కోసేసుకుని వెళ్లిపోయాడు. తర్వాత హోనెన్ అనే బౌద్ధ గురువుకు శిష్యుడయ్యాడు.

ఏది నిజం అని తేల్చేముందు ఆ రెండు గ్రంథాలు ఎవరి కోసం పుట్టాయో రాసుకోండి. అజుమా కగామి 1180 నుంచి 1266 దాకా కథ చెబుతుంది గానీ కూర్చింది పదమూడో శతాబ్దం చివర, పద్నాలుగో శతాబ్దం మొదట్లో. అప్పుడు అధికారం యొరితొమొ అత్తవారి వంశమైన హోజోల చేతుల్లో ఉంది. దానికీ పక్షపాతం ఉంది. అయినా భూమి తగాదా విషయం మనకు గట్టి మేలు చేస్తుంది: యోధుల రోజువారీ బతుకు కత్తి కంటే ఎక్కువగా పొలం గట్ల చుట్టూ తిరిగిందని చూపిస్తుంది. ఇందులో 1180–1185 కాలపు భాగాలకు మినొరు షినొదా చేసిన ఇంగ్లీషు అనువాదం 1960లో వచ్చింది.

సమురాయ్ అనగానే చాలామంది చేతికి వచ్చే రెండు పుస్తకాలు ఈ కాలానికి ఆధారాలు కావు. నితోబె ఇనాజో 'బుషిదో' 1900లో పాశ్చాత్య పాఠకుల కోసం ఇంగ్లీషులోనే వెలువడింది. 'హగాకురె' పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో, వందేళ్లుగా యుద్ధం లేని కాలంలో, యుద్ధం చూడని మనిషి చెప్పిన మాటలు. మొదటిదాన్ని మేజీ కాలం (1868–1912) గురించి, రెండోదాన్ని ఎదో కాలం (1603–1868) గురించి చదవండి. పన్నెండో శతాబ్దపు యోధుడి మనసు వాటిలో వెతికితే తప్పుదారి పడతారు.

అక్కడి నుంచి బషో దాకా

ఇక్కడికి రెండు నెలలు పట్టవచ్చు. తర్వాతి మెట్టు ఐదు శతాబ్దాలు దూకుతుంది. తైరాలను గెలిచిన యొషిత్సునెను అన్న యొరితొమొయే తరిమాడు. 1189లో ఉత్తరాన హిరాయిజుమిలో అతను చనిపోయాడు. సరిగ్గా ఐదు వందల ఏళ్లకు, 1689లో, బషో అక్కడికి నడిచి వెళ్లాడు. 'ఒకు నొ హొసొమిచి'లో ఆ కోట ఉన్న చోట వేసవి గడ్డిని చూసి, వీరుల కలల్లో మిగిలింది ఇదేనని రాసిన హైకూ వస్తుంది. హేకె చదవనివాడికి అది గడ్డి మీద పద్యం. చదివినవాడికి ఆ ఎనిమిదేళ్లూ పదిహేడు మాత్రల్లో కనిపిస్తాయి. తెలుగులో ఇస్మాయిల్, గాలి నాసరరెడ్డి హైకూలు చదివినవాళ్లకు ఈ రూపం పరిచయమే, దాని వెనకున్న చరిత్ర భారం ఇక్కడ తెలుస్తుంది.

ఇక్కడ కూడా రెండో గొంతు ఉంది. బషో వెంట నడిచిన శిష్యుడు సోరా ప్రతిరోజూ వాతావరణం, దూరం, బస రాసుకున్నాడు. ఆ దినచర్య 1943లో గానీ అచ్చుకాలేదు. హిరాయిజుమిలో రెండు మందిరాలూ తెరిచి ఉన్నాయనీ, గ్రంథ మందిరంలో ముగ్గురు ప్రభువుల విగ్రహాలు ఉన్నాయనీ బషో అంటాడు. అధికారి ఊళ్లో లేక గ్రంథ మందిరం తెరవలేదని సోరా రాశాడు. మీ రెండు గడుల పద్ధతి ఇక్కడ అచ్చంగా పనిచేస్తుంది. బషో తేదీలన్నీ చాంద్రమానమే: మూడో నెల 27న బయల్దేరాడంటే మన లెక్కలో మే 16. అలా మార్చుకోకపోతే ఆయన చెప్పే పూలూ వానలూ ఋతువు తప్పినట్టు అనిపిస్తాయి.

రెండో మందిరం కొంజికిదో 1124లో కట్టిన బంగారు రేకుల మందిరం, నేటికీ ఉంది. చదివిన వస్తువును చూడటం కూడా చదువులో భాగమే. ప్రయాణం కుదరనివాళ్లకు జపాన్ జాతీయ మ్యూజియాల ఉమ్మడి వెబ్‌సైటు కోల్‌బేస్, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వెబ్‌సైటు ఉచితం. హేకె యుద్ధాలు గీసిన మడత తెరలు రెండో దానిలో పెద్ద చిత్రాలుగా తెరుచుకుంటాయి. తెరను కుడి నుంచి ఎడమకు చదవాలి. బంగారు మేఘాలు ఒక ఘట్టాన్ని ఇంకోదాని నుంచి వేరుచేస్తాయి. ముందు సముద్రంలో గుర్రం మీద వెనక్కి తిరుగుతున్న వీరుణ్ణీ ఒడ్డున విసనకర్ర ఊపుతున్నవాణ్ణీ వెతకండి. వాళ్లు అత్సుమొరి, కుమగాయ్.

తర్వాత ఎటు

ఇప్పుడు ఆ లావు చరిత్ర పుస్తకం అటక మీది నుంచి దించవచ్చు. దాన్ని మీ ఎనిమిదేళ్ల నుంచి వెనక్కీ ముందుకీ చదవండి. ఎదో కాలానికి వచ్చినప్పుడు 'తలుపులు మూసుకున్న దేశం' అనే మాట దగ్గర జాగ్రత్త. నాగసాకిలో చైనా వర్తకులు, అక్కడి దెజిమా దీవిలో డచ్చివాళ్లు, త్సుషిమా ద్వారా కొరియా, సత్సుమా ద్వారా ర్యూక్యూ రాజ్యం, మత్సుమాయె ద్వారా ఉత్తరాది ఐనూ ఆదివాసులు, ఇలా నాలుగు వాకిళ్లు తెరిచే ఉన్నాయి. మచిలీపట్నంలో కోఠీ పెట్టుకున్న డచ్చి కంపెనీయే కోరమాండల్ తీరపు అద్దకం బట్టలను ఆ వాకిటి గుండా జపాన్‌కి చేర్చింది. అక్కడ వాటిని సరసా అంటారు. తేనీటి సామగ్రి సంచులకు వాడేంత విలువగా దాచుకున్నారు. హికొనె ప్రభువుల ఇంట్లో పోగైన సరసా ముక్కల సేకరణ ఇప్పుడు టోక్యో జాతీయ మ్యూజియంలో ఉంది. కలంకారీ తెలిసిన కళ్లు ఆ చిత్రాల ముందు ఎక్కువసేపు నిలబడతాయి.

ఇరవయ్యో శతాబ్దానికి తెలుగులోనే వాకిలి ఉంది. తెత్సుకొ కురొయనాగి 'తొత్తొచాన్'ను హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 'రైలుబడి' పేరుతో తెచ్చింది. పిల్లల పుస్తకమని పక్కన పెట్టకండి. రేషను, బడి నుంచి సైన్యానికి వెళ్లినవాళ్లు, చివర్లో 1945 బాంబుదాడిలో కాలిపోయిన బడి, యుద్ధకాలపు టోక్యో దినసరి బతుకు అందులో ఉంది. దాని పక్కన జపాన్ సైన్యం కొరియా, చైనాల్లో ఏం చేసిందో చెప్పే చరిత్ర పుస్తకం ఒకటి తప్పక పెట్టుకోండి. బాధపడిన జపాన్‌నే చదివి బాధపెట్టిన జపాన్‌ను వదిలేస్తే లెక్క తప్పుతుంది.

క్యోటో, టోక్యో గొంతులు బాగా వినిపించాక ఉత్తరానికి వెళ్లండి. చిరి యుకియె అనే ఐనూ యువతి తన అమ్మమ్మ, పెద్దమ్మల నోట విన్న దైవగీతాల నుంచి పదమూడింటిని రాసి జపనీస్‌లోకి అనువదించింది. రాతప్రతి పూర్తయ్యాక 1922లో, 19 ఏళ్ల వయసులో, గుండెజబ్బుతో చనిపోయింది. పుస్తకం 1923లో వచ్చింది. గుడ్లగూబ దేవుడు తన కథ తానే చెప్పుకునే మొదటి పాటను పైకి చదవండి, మధ్యలో వచ్చే పల్లవిని దాటేయకుండా ప్రతిసారీ పలకండి.